లెక్కకు దొరికిన దారి, దొరకని వెలుగు

1973 డిసెంబరులో ప్రపంచమంతా ఒక తోకచుక్క కోసం ఎదురుచూచింది. ఆ సంవత్సరం మార్చి 7వ తేదీన జర్మనీలోని హాంబర్గు వేధశాలలో పనిచేస్తున్న లుబోష్ కొహూటెక్ దానిని ఒక ఛాయాచిత్రంలో కనుగొన్నాడు. అప్పటికది ఇంచుమించు గురుగ్రహమంత దూరంలో ఉన్నది. అంత దూరాననే ఛాయాచిత్రానికి అందిన చుక్క దగ్గరకు వచ్చిననాడు ఎంత వైభవంగా వెలుగుతుందో అని పత్రికలు ఊహించుకొని, దానికి 'శతాబ్దపు తోకచుక్క' అనే బిరుదును ముందుగానే కట్టబెట్టాయి. డిసెంబరు 28న అది సూర్యుని చుట్టి పోవాలని గణకులు చెప్పారు. ఆనాడే చుట్టి పోయింది. ఏ రాత్రి ఏ నక్షత్రాల నడుమ ఉండాలన్నారో ఆ రాత్రి అక్కడే ఉన్నది. కాని చెప్పినంత వెలుగు రాలేదు. చలిలో మేడలెక్కి నిలబడిన నగరవాసులు అనేకులు దానిని చూడకుండానే క్రిందికి దిగివచ్చారు.

జనం నవ్వారు. శాస్త్రజ్ఞుల మాట ఇంతే కదా అన్నవారూ ఉన్నారు. కాని తప్పిన లెక్క ఏది, తప్పని లెక్క ఏది అని విడదీసి అడిగినవారు తక్కువ. తోకచుక్కకు సంబంధించి మనం వేసే లెక్కలు రెండు. అది ఎక్కడ ఉంటుందన్నది ఒకటి, ఎంత వెలుగుతుందన్నది రెండవది. మొదటిదానిని మానవుడు చాలవరకు సాధించాడు. రెండవది నేటికీ పూర్తిగా చేతికి చిక్కలేదు. ఈ తేడా ఎందువల్ల వచ్చిందో తరగతిగదిలో ఒక్క గంటసేపు విచారిస్తే, 'తోకచుక్క అనగానేమి?' అన్న ప్రశ్నకు రెండు పంక్తుల జవాబు వల్లెవేయించడంకంటె ఎక్కువ విజ్ఞానం విద్యార్థికి అందుతుందని మా నమ్మకం.

మన ప్రాచీనులు ఈ చుక్కలను చూడకపోలేదు. ధూమకేతువన్న మాటకు పొగ జెండాగా కలది అని అర్థం. అది అగ్నిదేవునికీ పేరే. పల్లెప్రజలు పెట్టుకొన్న 'తోకచుక్క' అన్న పేరు కంటికి కనబడినదానిని కనబడినట్లు చెప్పింది. గ్రీకులు దానిని జుట్టు విరబోసుకొన్న చుక్క అన్నారు. చైనావారు చీపురుచుక్క అన్నారు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కేతుచారమని ఒక అధ్యాయమే వ్రాశాడు. అందులో ఫలితాలు చెప్పిన భాగాన్ని ఎత్తిచూపి పరిహసించడం సులభం. మనం గమనించదగినవి అందులోనే మరి రెండు మాటలు కలవు. కేతువుల ఉదయాస్తమయాలు గణితంచేత తెలియశక్యం కావని ఆయన మొగమాటం లేకుండా ఒప్పుకొన్నాడు. గ్రహాల గతినీ గ్రహణాలనూ లెక్కకట్టగల మహాగణకుడు ఇక్కడ తన శాస్త్రం ఆగిపోయిందని చెప్పడం చిన్న విషయం కాదు. రెండవది, కేతువులు నూటొక్కటని కొందరు, వేయి అని కొందరు అంటారని చెప్పి, అనేక రూపాలతో కనబడే కేతువు ఒక్కటేనన్న నారదుని మతాన్నికూడా ఆయన నమోదు చేశాడు. వేరువేరు కాలాలలో కనబడినవి ఒకే చుక్క కావచ్చునన్న ఊహ మన దేశంలోనూ పొడమినదన్నమాట. ఊహ ఉన్నది; దానిని పరీక్షకు పెట్టడానికి కావలసిన తేదీల పట్టిక లేదు.

ఆ పట్టిక మరొకచోట ఏర్పడింది. 1577లో వచ్చిన గొప్ప తోకచుక్కను టైకో బ్రాహీ డెన్మార్కులోని తన దీవినుండి కొలిచాడు. ప్రేగ్ నగరంలో హగేసియస్ కూడా అదే చుక్కను చూచి దాని స్థానం గుర్తించాడు. ఇంత దూరంలో ఉన్న రెండు చోట్లనుండి చూస్తే చంద్రుడు నక్షత్రాల నడుమ కాస్త పక్కకు జరిగినట్లు కనబడతాడు. తోకచుక్క అంతగా జరగలేదు. అంటే అది చంద్రునికంటె ఎంతో ఆవల ఉన్నది. తోకచుక్కలు మన గాలిలో పుట్టే మంటలన్న అరిస్టాటిల్ సిద్ధాంతం దానితో వీగిపోయింది. ఆ తరువాత న్యూటన్ 1687లో తన ప్రిన్సిపియా గ్రంథంలో, 1680నాటి తోకచుక్క గ్రహాలు లోబడే ఆకర్షణసూత్రానికే లోబడి నడచిందని చూపాడు.

ఎడ్మండ్ హాలీ ఆ పద్ధతిని పట్టుకొని పాత పుస్తకాలను వెదకి, స్థానాలు నమ్మకంగా వ్రాసి ఉంచబడిన 24 తోకచుక్కల దారులను లెక్కకట్టి 1705లో ప్రకటించాడు. వానిలో 1531, 1607, 1682 సంవత్సరాలలో వచ్చిన మూడింటి దారులు ఒకదానినొకటి పోలి ఉన్నాయి. మూడూ గ్రహాలకు ఎదురుదిశలో నడచినవి. నడుమ ఎడం ఇంచుమించు 75, 76 ఏండ్లు. ఇది ఒకటే చుక్క అనీ, 1758లో తిరిగి వస్తుందనీ హాలీ చెప్పాడు. 1742లో ఆయన మరణించాడు. తాను చూడలేని సాక్ష్యం మీద తన మాటను నిలిపి పోయాడు.

గడువు దగ్గరపడింది. గురు, శని గ్రహాలు దారిలో దానిని ఎంత లాగుతాయో తెలిస్తేగాని తేదీ చెప్పడానికి వీలులేదు. పారిస్ నగరంలో క్లైరో, లలాండ్, నికోల్ రీన్ లెపోట్ అనే ముగ్గురు ఆ పనికి పూనుకొన్నారు. ఆరు నెలలపాటు ఉదయంనుండి రాత్రివరకు, ఒక్కొక్కనాడు భోజనపు బల్లవద్దకూడా, కాగితం మీద అంకెలు వేశారు. గురుగ్రహంవల్ల 518 రోజులు, శనివల్ల 100 రోజులు ఆలస్యమవుతుందని తేల్చి, 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుని చేరుతుందనీ, ఒక నెల అటూ ఇటూ కావచ్చుననీ ప్రకటించారు. అది మార్చి 13న చేరింది. లెపోట్ శ్రమను క్లైరో తన గ్రంథంలో చెప్పకుండా విడిచిపెట్టాడు. లలాండ్ చెప్పాడు గనుక ఆమె పేరు నిలిచింది. లెక్కలలో బాలికలు వెనుకబడతారన్న మాట ఇంకా కొన్ని ఉపాధ్యాయుల గదులలో వినవస్తూనే ఉన్నది గనుక ఈ ముచ్చట చెప్పక తప్పలేదు.

మరల వచ్చిన ఆ చుక్కను మొదట చూచినది పారిస్ పండితులు కారు. డ్రెస్డెన్ సమీపపు గ్రామంలో పాలిచ్ అనే రైతు 1758 క్రిస్మస్‌నాటి రాత్రి తన దూరదర్శినితో చూచాడు. ఆయన సేద్యం చేసుకొంటూనే స్వయంగా ఖగోళశాస్త్రం నేర్చుకొన్నవాడు.

దారి కట్టడానికి ఎంత సామగ్రి కావాలి? మూడు రాత్రుల స్థానాలు చాలు. ఒక్కొక్క స్థానానికి రెండు కోణాలు; మూడింటికి ఆరు అంకెలు. ఒక కక్ష్యను పూర్తిగా చెప్పడానికి కావలసినవీ ఆరు అంకెలే. కాని మూడు రాత్రులతో కట్టిన దారి పెన్సిలుతో గీచిన గీత వంటిది. రాత్రి వెంట రాత్రి కొలతలు చేరిన కొద్దీ ఆ గీత స్థిరపడుతుంది. దీర్ఘవృత్తంలో తిరిగేది మరల వస్తుంది. అతిపరావలయంలో పోయేది ఎన్నటికీ రాదు. 2025 జులై 1న చిలీ దేశంలోని అట్లాస్ దూరదర్శిని ఒక చుక్కను పట్టింది. అంతకు ముందు ఇతర దూరదర్శినులు తీసి ఉంచిన చిత్రాలను తిరగవేసి, ఆ పాత స్థానాలనుకూడా కలుపుకొని చూడగా, అది మన సూర్యకుటుంబానికి చెందినది కాదని, మరొక నక్షత్రసీమనుండి వచ్చి పోతున్న బాటసారి అని ఒకటి రెండు రోజులలోనే తేలింది. అటువంటివానిలో మనకు తెలిసినది అది మూడవది. దాని పుట్టుపూర్వోత్తరాలను చెప్పినది దారి ఒంపు ఒక్కటే.

ఇంతకంటె విచిత్రమైనది ఎంకే తోకచుక్క కథ. మార్సే వేధశాలలో ద్వారపాలకుడుగా చేరి, చూచి చూచి 37 తోకచుక్కలను కనిపెట్టిన పాన్స్ 1818లో ఒకదానిని చూచాడు. జర్మను గణకుడు ఎంకే లెక్కకట్టి, 1786లో మెషేన్ చూచినదీ, 1795లో కరోలిన్ హెర్షెల్ చూచినదీ, 1805లో వచ్చినదీ ఇదేననీ, మూడు సంవత్సరాల నాలుగు నెలలలోపుగా ఒకసారి సూర్యుని చుట్టివస్తుందనీ రుజువు చేశాడు. ఐతే చిన్న చిక్కు మిగిలింది. వచ్చిన ప్రతిసారీ అది లెక్కకంటె ఇంచుమించు రెండున్నర గంటలు ముందు వస్తున్నది. మూడేండ్లకు పైబడిన ప్రయాణంలో రెండున్నర గంటలంటే పట్టించుకోనవసరం లేదని విడిచిపెట్టవచ్చును. వారు విడువలేదు. ఆకాశంలో ఏదో సూక్ష్మద్రవ్యం అడ్డుపడి దాని కక్ష్యను కుదిస్తున్నదని ఎంకే భావించాడు, అది నిలువలేదు. 1950లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ విపుల్ సరియైన సమాధానం చెప్పాడు. తోకచుక్క గర్భంలో ఉన్నది ధూళి కలిసిన మంచుగడ్డ. సూర్యుని వేడికి ఆ మంచు ఆవిరియై చిమ్ముకొని వస్తుంది. ఆ చిమ్ముడు గడ్డను ఎదురుదిశకు నెడుతుంది. గడ్డ తిరుగుతూ ఉండడంవల్ల ఆ నెట్టుడు కొన్ని చుక్కలను తొందరపెడుతుంది, కొన్నింటిని ఆలస్యం చేస్తుంది. ఏ మనిషీ దగ్గరకు పోయి చూడకముందే, రెండున్నర గంటల తేడాలోనుండి మంచుగడ్డ బయటపడింది! 1986 మార్చిలో జియోట్టో అనే అంతరిక్షనౌక హాలీ చుక్క గర్భానికి 600 కిలోమీటర్ల దాపుకు పోయి, ఇంచుమించు 15 కిలోమీటర్ల పొడవుతో బొగ్గువలె నల్లగా ఉన్న గడ్డనూ, దానినుండి చిమ్ముతున్న ధారలనూ చిత్రాలు తీసి, విపుల్ మాటను స్థిరపరచింది.

పాత కాగితాల విలువ ఎంతటిదో చెప్పడానికి మరొక్క ఉదాహరణ. హాలీ చుక్క కనబడినట్లు చైనా గ్రంథాలలో ఉన్న తొలి నిశ్చితమైన నమోదు క్రీ. పూ. 240 నాటిది. నేటి గణకులు దాని దారిని వెనుకకు లెక్కకట్టుకొంటూ పోతే క్రీ. శ. 837 వద్ద ఒక అడ్డంకి వచ్చింది. ఆ ఏడు అది భూమికి ఇంచుమించు 50 లక్షల కిలోమీటర్ల దాపుగా పోయింది. అంత దగ్గరగా పోయినప్పుడు భూమి దాని దారిని ఒంచుతుంది. అక్కడ రవ్వంత పొరపాటు జరిగితే అంతకు వెనుకటి లెక్క అంతా తప్పిపోతుంది. చైనా ఆస్థానపు కాపరులు ఆ వసంతంలో రాత్రి తరువాత రాత్రి అది ఏ నక్షత్రమండలంలో ఉన్నదో వ్రాసి ఉంచారు. 1981లో యోమన్స్, కియాంగ్ అనే శాస్త్రజ్ఞులు ఆ వ్రాతల ఆధారంతో లెక్కను సరిచేసుకొని, వెనుకకు క్రీస్తుపూర్వ శతాబ్దాలలోకి నడచిపోయారు. ఆ కాపరులు వ్రాసినది రాజుకు శుభమా అశుభమా తెలుసుకోవడానికే. వారి నమ్మకాలు నేడు ఎవరికీ అక్కరలేదు. వారు వేసిన తేదీలు మాత్రం పదకొండు వందల ఏండ్ల తరువాత పనికి వచ్చాయి. మనవారూ భయపడ్డారు, భయపడి శాంతులు చేయించుకొన్నారు. ఆ రాత్రి చుక్క ఏ నక్షత్రం పక్కన ఉన్నదో అంత శ్రద్ధతో తేదీవారీగా వ్రాసి ఉంచే అలవాటే మనకు తక్కువైనదని చెప్పక తప్పదు.

ఇక వెలుగు సంగతి. రాతిగోళం ఐతే లెక్క సులభం. సూర్యునికి దూరం సగమైతే దానిమీద పడే వెలుగు నాలుగు రెట్లవుతుంది. అది తిరిగి మనకు పంపే వెలుగూ అంతే పెరుగుతుంది. తోకచుక్క ఆ విధంగా ఉండదు. దగ్గరకు వచ్చిన కొద్దీ మంచు మరింతగా కరిగి ఆవిరినీ ధూళినీ వెదజల్లుతుంది. వెలుగును పట్టే ముసుగే పెద్దదవుతుంది. కనుక సామాన్యంగా దూరం సగమైతే వెలుగు పదహారు రెట్లని ఒక లెక్క పెట్టుకొంటారు. ఇది సూత్రం కాదు, సగటు. ఒక చుక్కకు ఎనిమిది రెట్లే కావచ్చును, ఒకదానికి ముప్పదిరెండు కావచ్చును. పోయేటప్పుడు ఒక తీరు, వచ్చేటప్పుడు మరొక తీరు కావచ్చును. దారిని నిర్ణయించేది ప్రధానంగా సూర్యుడు, గ్రహాలు; వెలుగును నిర్ణయించేది ఆ గడ్డ లోపలి సరుకు. లోపల ఏమున్నదో కరిగిననాడుగాని తెలియదు. కొహూటెక్ చుక్క సూర్యుని దగ్గరకు తొలిసారిగా వచ్చిన చుక్క అని తరువాత శాస్త్రజ్ఞులు అభిప్రాయపడ్డారు. అటువంటి వానిపైన తేలికగా ఎగిరిపోయే మంచుపొర ఉంటుంది. అది ఎంతో దూరాననే ఆవిరియై మురిపించి, దగ్గరకు వచ్చేసరికి అయిపోతుంది.

దీనికి విరుద్ధమైన వింతలూ ఉన్నాయి. 2007 అక్టోబరులో, మామూలు కంటికి ఆననంత మసకగా ఉన్న హోమ్స్ తోకచుక్క రెండు రోజులు నిండకముందే దాదాపు అయిదు లక్షల రెట్లు వెలుగు పుంజుకొని వీధిలోనుండి కనబడింది. 2013లో ఐసాన్ అనే చుక్క గురించి మరల శతాబ్దపు మాటలు వినబడ్డాయి. నవంబరు 28న సూర్యుని సమీపిస్తూనే అది చెదరిపోయింది. 2024 జులైలో సుచిన్‌షాన్-అట్లాస్ చుక్క సూర్యుని చేరకముందే విరిగిపోక తప్పదని అనుభవజ్ఞుడైన శాస్త్రజ్ఞుడొకరు ప్రకటించారు. అది సెప్టెంబరు 27న సూర్యుని చుట్టి సుఖంగా బయటపడి, అక్టోబరులో సాయంకాలపు పడమటి ఆకాశాన తోకతో దర్శనమిచ్చింది. పెద్దలుకూడా పొరపడే చోటు ఇది. అందుచేతనే తోకచుక్క వస్తున్నదని తెలియగానే 'కన్నుల పండుగ' అని పెద్ద అక్షరాల శీర్షిక పెట్టే పత్రికలు — మా వృత్తిబంధువులను కలుపుకొనియే అంటున్నాము — తేదీని ఘంటాపథంగా చెప్పినా, వెలుగు మాట వచ్చినప్పుడు 'కావచ్చును' అన్న మాటను మింగివేయకుండా ఉంటే మేలు. అది శాస్త్రజ్ఞుడు అన్న మాటే. శీర్షికలోకి ఎక్కేటప్పుడు జారిపోతున్నది.

భయాన్ని పెంచినది కూడా ఇటువంటి శీర్షికలే. 1910లో హాలీ చుక్క తోకలో విషవాయువు జాడ కనబడిందనీ, మే నెలలో భూమి ఆ తోకలోనుండి పోతుందనీ వార్త పొక్కేసరికి, పాశ్చాత్యదేశాలలో కిటికీల సందులు మూసుకొన్నవారు, తోకచుక్క మాత్రలు కొన్నవారు ఉన్నారు. ఆ తోక ఎంత పలచనిదో తెలిసినవారు నిశ్చింతగా నిద్రపోయారు. ఆ సంవత్సరమే మన గురజాడ అప్పారావుగారు ముత్యాల సరములలో అదే చుక్కను తెచ్చి, ఎన్నో ఏండ్లకొకమారు చూచిపోవడానికి వచ్చే దూరపు చుట్టంగా పరిచయం చేసి, సంఘసంస్కారానికి ఎగిరిన పతాకగా చూపారు. తెలుగు బోధించేవారు ఆ గేయం చెప్పేనాడు పక్కగదిలోని విజ్ఞానశాస్త్రం మాస్టారుగారిని పిలిచి, ఆ డెబ్బది అయిదేండ్ల లెక్క ఎక్కడిదో పిల్లలకు చెప్పించగలిగితే ఆ పాఠం రెండింతలవుతుంది.

మన ప్రాంతంలో ఆకాశాన్ని కొలిచి వ్రాసినవారు లేకపోలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత వేధశాల నెలకొల్పుకొన్నారు. తరువాత దానిని నడిపిన అంకితం వెంకట నరసింగరావుగారు 1874నాటి శుక్రగ్రహణాన్ని అక్కడనుండి పరిశీలించారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, నక్షత్రాల స్థానాలను ఛాయాచిత్రాలలో కొలిచి పట్టిక వేసే ప్రపంచవ్యాప్తమైన ఉద్యమంలో తన వాటాను పూర్తిచేసింది. తోకచుక్క ఎక్కడ ఉన్నదని చెప్పడానికి దాని పక్కన ఉన్న నక్షత్రాలే మైలురాళ్ళు. ఆ మైలురాళ్ళు పాతినవారిలో హైదరాబాదువారూ ఉన్నారు. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడై, నిజాం కళాశాలలో చదువుకొన్న వేణు బాప్పు, హార్వర్డులో విద్యార్థిగా ఉండగా 1949 జులై 2న తీసిన ఛాయాచిత్రంలో ఒక కొత్త తోకచుక్కను పట్టాడు. అది నేటికీ బాప్పు-బాక్-న్యూకర్క్ అన్న పేరనే పిలువబడుతున్నది. బాక్ ఆయన గురువు, న్యూకర్క్ సహాధ్యాయి.

పాఠశాలకు దూరదర్శిని లేదే అని ఉపాధ్యాయులు అనవచ్చును. కంటికి ఆనే తోకచుక్క వచ్చిననాడు దూరదర్శిని అక్కరలేదు. చేయి చాచి పట్టుకొన్న పిడికిలి అడ్డంగా ఆకాశంలో పది డిగ్రీలు. చిటికెనవ్రేలు ఒక డిగ్రీ. చుక్క స్వాతికి ఎన్ని పిడికిళ్ళ దూరంలో, ఏ వైపున ఉన్నదో, గంట ఎంతైనదో వ్రాసుకొంటే అది స్థానమే. వెలుగుకు కూడా ఉపాయమున్నది. స్వాతి ప్రకాశం ఇంచుమించు 0 తరగతి, చిత్త 1, ధ్రువనక్షత్రం 2. (మన బడులకు విరుద్ధంగా ఇక్కడ తరగతి అంకె పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది, అయిదు తరగతుల తేడా అంటే నూరు రెట్లు.) తోకచుక్క మసకముద్ద గనుక సూదిమొనవంటి నక్షత్రంతో పోల్చడం కష్టం. దూరదృష్టి తక్కువై కళ్ళజోడు పెట్టుకొనే విద్యార్థిని పిలిచి జోడు తీయమనండి. నక్షత్రాలూ ముద్దలుగానే కనబడతాయి. అప్పుడు ఏది ఎక్కువో ఏది తక్కువో పోల్చవచ్చును. మిగిలినవారు దుర్భిణి మరను తిప్పి చూపు చెదరగొట్టుకొంటే సరి. తోకచుక్కల వెలుగు వంపును గీచుకోవడానికి నేటికీ శాస్త్రజ్ఞులు వాడుకొనే కొలతలలో, అలవాటుపడిన సామాన్యులు ఇదే పద్ధతిని అనుసరించి పంపేవి ఎన్నో ఉన్నాయి.

తోకచుక్క లేని సంవత్సరాలలో సాధన ఎట్లా అంటే, హాలీ చుక్క విడిచిపోయిన ధూళే ఏటా మే మొదటివారంలో తెల్లవారుజామునా, అక్టోబరు మూడవవారంలో అర్ధరాత్రి దాటాకా ఉల్కలై రాలుతున్నది. ఒక గంటలో ఎన్ని రాలినవో లెక్కించి వ్రాయవచ్చును. ఆ చుక్క 2023 డిసెంబరులో తన దారి చివరి మలుపు తిరిగి మనవైపు నడక ప్రారంభించింది. 2061 జులైలో సూర్యుని చేరుతుంది. నేడు తొమ్మిదవ తరగతిలో ఉన్నవారు అప్పటికి ఏబది ఏండ్ల ప్రాయంలో ఉంటారు. వారిలో కొందరు బడిపంతుళ్ళు అయి ఉంటారు. ఇప్పుడు వేసిన పట్టిక అప్పుడు వారి చేతికి అందాలి.

నోటుపుస్తకంలో గీతలు గీచి అయిదు గడులు పెడితే చాలు: తేదీ, గంట, చూచిన చోటు, దగ్గరి నక్షత్రంనుండి దూరం, వెలుగు. అయిదవ గడిలో నిన్నటి అంకెను చూచి వేయరాదు. పక్క పిల్లవాని అంకెను చూచి అసలే వేయరాదు. మబ్బు పట్టిన రాత్రి గడిని ఖాళీగా విడువక, 'మబ్బు' అనియే వ్రాయాలి.